చలికాలపు గ్లాసు: అంబలి, ఉలవకట్టు, అనపగింజల చారు

హాస్టల్లో చదివిన వాళ్ళను ఎవరినైనా అడగండి. డిసెంబరు నెల అనగానే ముందు గుర్తుకొచ్చేది అర్ధసంవత్సర పరీక్షలు కాదు, తెల్లవారుజామున తొట్టిలో ఉండే నీళ్ళు. ఐదు గంటలకు గంట మోగుతుంది. దుప్పటి వదలాలంటే ఏడుపొస్తుంది. మొహం కడుక్కొని స్టడీకి కూర్చుంటే పెన్ను పట్టుకోవడానికి వేళ్ళు వంగవు. అప్పుడు ఎవరైనా ఒక గ్లాసెడు వేడిగా ఏదైనా చేతికిస్తే బాగుండునని అనుకోని రోజు మాకు లేదు. ఆ గ్లాసులో ఏం పోయవచ్చు, దాన్ని ఇంట్లో ఎలా కాచుకోవాలి అన్నదే ఈ వ్యాసం. సెలవులకు ఇంటికి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చేసి చూడాలనీ, పెళ్ళిళ్ళై సంసారాలు చేస్తున్న పాత విద్యార్థులు మళ్ళీ మొదలుపెట్టాలనీ మా ఆశ.

మన మూడు ఊళ్ళ చలి ఒకటి కాదు. హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది, బెంగుళూరుకు సుమారు 100 కిలోమీటర్లు. అందుకే అక్కడి గాలిలో కొంచెం బెంగుళూరు చలి ఉంటుంది. పెనుకొండలో కొండ నీడ పడే వీధుల్లో ఎండ ఆలస్యంగా వస్తుంది. ధర్మవరం పల్లంలో ఉంది, అక్కడ పగలు చలి తెలియదు. కానీ అక్కడ ఇంకో చలి ఉంది. గుంత మగ్గం మీద నేసేవాళ్ళు తెల్లారకముందే కాళ్ళు గుంతలో పెట్టి కూర్చుంటారు. నేలలోని చెమ్మ మోకాళ్ళ దాకా ఎక్కుతుంది. మాలో ఇద్దరం మగ్గం ఇళ్ళలో పుట్టినవాళ్ళమే. మా ఇళ్ళలో అంబలి గ్లాసు ఎప్పుడూ గడప బయటే తాగేవాళ్ళు. లోపల తాగితే, పొరపాటున ఒక్క చుక్క పట్టు మీద పడితే ఆ చీర కూలి పోయినట్టే. వేడి గ్లాసు కోసం చలిలోకి రావడం అన్నమాట!

ముందు రాగి జావ సంగతి. జావ చేయడం అందరికీ వచ్చనుకుంటాం కానీ ఉండలు కట్టిన జావే ఎక్కువ ఇళ్ళలో కనిపిస్తుంది. మరిగే నీళ్ళలో పొడి పిండి వేస్తే పైపొర వెంటనే ఉడికి జిగురుగా మారి, లోపల పిండిని మూసేస్తుంది. అదే ఉండ. కాబట్టి రెండు గ్లాసుల జావకు రెండు పెద్ద చెంచాల రాగి పిండిని ముందు అర గ్లాసు చల్లని నీళ్ళలో కలపాలి. మిగిలిన ఒకటిన్నర గ్లాసు నీళ్ళు మరిగాక, కలిపినదాన్ని సన్నని ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. ఏడెనిమిది నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది. బెల్లం వేసేవాళ్ళు దించిన తర్వాతే వేయండి. పాలు పోసి బెల్లంతో కలిపి మరిగిస్తే పాలు విరిగే అవకాశం ఉంది. ఉప్పుజావ ఇష్టమైతే దంచిన వెల్లుల్లి, జీలకర్ర, చిటికెడు మిరియాల పొడి చాలు. చలికాలానికి మా ఓటు ఉప్పుజావకే.

అంబలి అంటే పులియబెట్టినది. రాత్రి పిండిని నీళ్ళలో కలిపి మట్టి సట్టిలో మూత పెట్టి ఉంచి, పొద్దున ఎసట్లో పోసి కాస్తారు. ఎండాకాలం రాత్రికి రాత్రే పులుస్తుంది. చలికి పులవదు. పొయ్యి పక్కన ఆ వెచ్చదనంలో పెట్టాలి, లేదా సాయంత్రమే కలిపేయాలి. ఎండాకాలంలో మజ్జిగ పోసి చల్లగా తాగే అంబలినే ఇప్పుడు వేడివేడిగా, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి.

రాగుల్లో ఉండే గుణం మీకు సైన్సు మాస్టారు చెప్పే ఉంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పదీ పరకా మిల్లీగ్రాములే. ఒక చిన్న కిటుకు కూడా చెప్తాం. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి, కొంచెం వేయించి పిండి పట్టించండి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఒక ఎంజైము పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. అందువల్ల జావ చిక్కబడదు, అదే గ్లాసులో ఎక్కువ పిండి పట్టించవచ్చు. చిన్నపిల్లలకు, జ్వరం తగ్గి తిండి సయించని వాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. డబ్బాలో అమ్మే మాల్టు పొడి వెనక ఉన్న రహస్యం కూడా ఈ మొలకే.

ఇక ఉలవలు. ఇక్కడ కాసేపు ఆగాలి.

మన పూర్వపు అనంతపురం జిల్లా (2022 ఏప్రిల్ నుండి మన మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి) వానలకు మొహం వాచిన నేల. చెనిక్కాయ వేయడానికి అదను తప్పితే, వేసింది ఎండిపోతే, రైతు చివరికి చల్లేది ఉలవలే. ఆఖరి వానకు మొలిచి, మంచుకు పెరిగి, సంక్రాంతి నాటికి చేతికొచ్చే పంట అది. ఎద్దుకు పెట్టేదీ, గుర్రానికి పెట్టేదీ అదే. అందుకే ఉలవలు తినేవాళ్ళంటే కొందరికి చులకన. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయన్న సంగతి ఆ చులకనకు తెలియదు.

మాలో ఒకరి సంగతి చెప్పాలి. ఏడో తరగతిలో ఉండగా జనవరిలో ఒక ఆదివారం వాళ్ళమ్మ చూడడానికి వచ్చింది. రెండు బస్సులు మారి, మూడు గిన్నెల క్యారియరులో సంగటి, ఉలవకట్టు, గుగ్గిళ్ళు తెచ్చింది. పక్క మంచం వాడికి అంతకుముందు వారమే బిస్కెట్లు, హార్లిక్స్ సీసా వచ్చాయి. మావాడు క్యారియర్ తీసుకుని, "తర్వాత తింటాలేమ్మా" అని ట్రంకు పెట్టె వెనక పెట్టేశాడు. ఎవరూ చూడకుండా రాత్రి తిందామనుకున్నాడు, నిద్రపోయాడు. పొద్దున్నకు కట్టు పులిసిపోయింది. కుళాయి దగ్గర పారబోసి గిన్నెలు కడిగిపెట్టాడు. మరుసటి నెల ఆమె ఖాళీ క్యారియర్ తీసుకుంటూ, "అందరూ తిన్నారా నాయనా?" అని అడిగింది. తిన్నారన్నాడు. వాడికిప్పుడు యాభై దాటింది. ఆమె లేదు. వాళ్ళింట్లో ప్రతి జనవరిలోనూ ఉలవకట్టు కాస్తారు, వాడే కాస్తాడు. ఈ కింద రాసేది వాడు చెప్పిన పద్ధతే.

ఒక గ్లాసు ఉలవలను రాళ్ళు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టాలి. రాళ్ళు ఏరడం దగ్గర తొందరపడకండి, ఉలవలో కలిసిన రాయి ఉలవ రంగులోనే ఉంటుంది. పొద్దున ఆరు గ్లాసుల నీళ్ళు పోసి ఉడికించాలి. కుక్కరైతే ఏడెనిమిది విజిళ్ళు. కట్టెల పొయ్యి మీదైతే రెండు గంటలు పైనే. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెదగాలి. అప్పుడు వంచేస్తే వచ్చే ముదురు రంగు నీళ్ళే కట్టు. అందులో నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, కారం, ఒక చిన్న బెల్లం ముక్క వేసి మరిగించాలి. ఉడికిన గింజలు ఒక గుప్పెడు రుబ్బి కలిపితే చిక్కదనం వస్తుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చితగ్గొట్టిన వెల్లుల్లి పది రెబ్బలు, కరివేపాకుతో తిరగమోత. వెల్లుల్లి దగ్గర పిసినారితనం వద్దు. మిగిలిన గింజలు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తాలింపు పెడితే గుగ్గిళ్ళు. ఒక్క పొయ్యికి రెండు వంటలు.

కోస్తా వాళ్ళ ఉలవచారు వేరు. అది గంటల తరబడి సన్నని సెగ మీద కాగి, లేహ్యంలాగా చిక్కబడి, మీగడతో అన్నంలో కలుపుకునేది. మనది గ్లాసులో పోసుకుని తాగేంత పలుచన. హిందూపురం అంగడిలో చింతపండు, బెల్లం, మిరపకాయలు మూడింటి వ్యాపారమూ పెద్దదే కాబట్టి కట్టుకు కావలసిన సరుకంతా ఊళ్ళోనే ఉన్నట్టు. సరిహద్దు దాటితే ఇదే హురుళి సారు. మడకశిర వైపు ఇళ్ళలో ఏ పేరు వాడతారన్నది ఇంట్లో అవ్వ ఏ భాషలో తిడుతుందో దాన్నిబట్టి ఉంటుంది.

చలికాలానికే ప్రత్యేకమైనది అనపకాయ. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు పడే కొద్దీ కాయకు ఆ వాసన పడుతుంది. ఒలిచిన వేళ్ళకు అంటిన జిడ్డు వాసన రెండు రోజులు వదలదు. బెంగుళూరులో ఈ రోజుల్లో అవరెకాయ మేళా అని జాతరే చేస్తారు, దోసెల నుండి మిఠాయిల దాకా అన్నీ ఈ గింజలతోనే. మన ఇళ్ళలో మాత్రం అందరూ చుట్టూ కూర్చుని ఒలిచేదే జాతర. గింజలను నాలుగైదు గంటలు నానబెట్టి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండి పప్పు జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. తమ్ముడి మొహం మీదకు కూడా జారుతుంది, అది వేరే సంగతి. ఎండుమిరపకాయలు, ధనియాలు, లవంగాలు, చెక్క, కొంచెం గసగసాలు వేయించి, పచ్చి కొబ్బరి, అల్లం, వెల్లుల్లితో నూరి, ఆ ముద్దను ఉల్లిపాయ, టమాటాతో పాటు నూనెలో మగ్గించాలి. పప్పు వేసి, మునిగేదానికి రెండింతలు నీళ్ళు పోసి ఉడికించండి. పితికిన పప్పు త్వరగా ఉడుకుతుంది, అలాగని సగం ఉడికినది దించవద్దు. పచ్చి అనపగింజలు తినకూడదు కూడా. సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి ఈ చారు పోసుకుని తింటే చెవులు వేడెక్కుతాయి.

చెవులు వేడెక్కడానికి కారణం ఉంది. కారం నిజంగా వేడి కాదు. నాలుక మీద, చర్మంలో వేడిని పసిగట్టే నరాల కొసలున్నాయి. మిరపకాయలోని పదార్థం వాటిని తట్టి, వేడి తగిలిందని మెదడుకు కబురు పంపుతుంది. మిరియంలోని ఘాటు కూడా అక్కడే పని చేస్తుంది. ఆ కబురు అందుకునే ద్వారాన్ని కనుక్కున్న డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన మిరియాల చారు చేసే పని ఇదే. దానితోపాటు ఆవిరి ముక్కుదిబ్బడను కాస్త సడలిస్తుంది. అంతకుమించి మిరియాల చారు జలుబును నయం చేయదు. వారం దాటిన దగ్గుకు, జ్వరానికి, ఆయాసానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. చారు తాగి ఊరుకోకూడదు.

శొంఠి కాఫీ తేలిక. శొంఠి, ధనియాలు, నాలుగు మిరియాలు దంచి ఉంచుకుని, గ్లాసుకు అర చెంచా పొడి వేసి మరిగించి బెల్లం కలిపి వడగట్టడమే. టీ గురించి చెల్లెళ్ళకు ఒక మాట. భోజనంతోపాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత మాత్రలు వేసుకునేవాళ్ళు టీకి గంటైనా ఎడం ఇవ్వాలి. ఆకుకూర చారులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. దించిన తర్వాత పిండండి.

ఇంకొకటి, వంట కాకపోయినా చెప్పి తీరాలి. చారు కాచిన బొగ్గుల కుంపటిని వెచ్చదనం కోసం గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మగ్గం, పొయ్యి, పడక అన్నీ ఒకే గదిలో ఉండే ఇళ్ళలో ఇది మరీ జాగ్రత్త.

2023లో మన రాష్ట్రంలో సర్కారు బడుల పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలైంది. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పెద్ద హోటళ్ళలో రాగి సూపు అని గిన్నెలో పోసి ఇస్తున్నారు. ధర చూసి మాలో ఒకరు మంచినీళ్ళు తాగి బయటికొచ్చారు.

హాస్టల్లో వంద మందికి కాచాలంటే లెక్క ఇది. మనిషికి 200 మిల్లీలీటర్ల చొప్పున 20 లీటర్ల నీళ్ళు, ఒకటిన్నర కిలో రాగి పిండి, అంతే బెల్లం. ఉప్పుజావైతే బెల్లం బదులు పావుకిలో వెల్లుల్లి, వంద గ్రాముల జీలకర్ర. పిండిని ముందే బకెట్లో చల్లని నీళ్ళతో కలుపుకోవడం మరచిపోవద్దు, కాగులో ఉండ కడితే ఎవరూ విడదీయలేరు. వార్షికోత్సవం రోజు సాయంత్రం పాత విద్యార్థుల తరఫున రెండు కాగులు పెడుతున్నాం. ఒకటి ఉప్పుజావ, ఒకటి ఉలవకట్టు. గ్లాసులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.