శకునపక్షీ, గబ్బిలమూ

సంస్కృతంలో 'శకునం' అనే మాటకు మొదటి అర్థం పక్షి. శకుంత పక్షులు కాపాడిన పిల్ల కనుకనే ఆమె శకుంతల అయింది. పక్షి పేరు కాస్తా పక్షి తెలిపే భవిష్యత్తుకు పేరయింది. ఆ తర్వాత పక్షితో పనిలేకుండానే పిల్లికీ, బల్లికీ, చివరకు మనిషికీ అంటుకుంది. ఈ మాట నడిచిన దారిలోనే కొంత సామాజిక చరిత్ర ఉంది.

జంతువుల్లో దైవసూచనల్ని వెతకడం, దిక్కుతోచనప్పుడు వాటిని దారి అడగడం అనే అలవాటును మన విమర్శ ఎక్కువగా రెండు విధాలుగా చూసింది. మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం ఒకటి. జానపదుల అమాయక విశ్వాసమని మురిసిపోవడం రెండోది. ఏ ప్రాణికి ఏ అర్థం అంటగట్టారు, ఎవరు అంటగట్టారు, దానివల్ల ఎవరి బతుకు ఏమయింది అన్న ప్రశ్న రెండింటిలోనూ వెనకబడిపోయింది. ఆ ప్రశ్న చేతబట్టుకుని గుర్రం జాషువా 'గబ్బిలం' (1941) చదివితే, మనం సాధారణంగా దాటిపోయే ఒక ఘట్టం దగ్గర ఆగవలసి వస్తుంది. అక్కడికి వెళ్లే ముందు కొంత నేపథ్యం అవసరం.

చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతుంటే వాన వస్తుందని రైతు అనుకోవడం శకునం కాదు, పరిశీలన. అది తప్పవచ్చు. తప్పినప్పుడు చేనిపనే అతని చేత దాన్ని దిద్దిస్తుంది. బల్లిపాటు సంగతి అలా కాదు. పంచాంగంలో దానికొక పట్టిక అచ్చవుతుంది. నెత్తిన పడితే ఒక ఫలం, భుజాన పడితే ఒక ఫలం, పురుషులకొకటి, స్త్రీలకొకటి. ఎన్ని వేలసార్లు తప్పినా ఆ పట్టికలో ఒక్క గడి కూడా మారదు. పరిహారం కావాలంటే కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లినీ, వెండి బల్లినీ తాకి రావచ్చు. మొదటిది శ్రమలోంచి వచ్చిన జ్ఞానం, రెండోది భయంలోంచి వచ్చిన శాస్త్రం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే పెద్దాయన నోట వినిపిస్తాయి. అందువల్లే మన కథకులు కూడా రెండింటినీ కలిపేసి, పల్లెటూరి పాత్ర నోట కాకి కూతనూ వాన రాకనూ ఒకే గాటన కట్టేస్తారు.

మరో రకం సంబంధం ఇంకా పాతది. టోటెం అనే మాట ఉత్తర అమెరికాలోని ఓజిబ్వే ప్రజల భాష నుంచి మానవశాస్త్రంలోకి వచ్చింది. వాళ్లలో అది వంశానికి చెందిన ప్రాణి. ఆ ప్రాణి పేరున్న వాళ్లంతా ఒక్క కుదురు వాళ్లు, వాళ్లలో వాళ్లకు పెళ్లిళ్లు ఉండవు. దక్షిణ భారతదేశపు కులాల మీద థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాల్లోనూ జంతువుల పేర్లున్న తెలుగు ఇంటిపేర్లు చాలా కనిపిస్తాయి. దేవీప్రసాద్ చటోపాధ్యాయ తన 'లోకాయత' (1959)లో ఏనుగు తల దేవుడి వెనక ఇలాంటి గణచిహ్నాన్నే వెతికారు. అక్కడ జంతువు జోస్యం చెప్పదు. నీవాళ్లెవరో, నువ్వు ఎవరికి బాధ్యుడివో చెబుతుంది. ఇప్పుడు పట్టణాల్లో అమ్ముడవుతున్న కొన్ని పుస్తకాలు ఈ సామూహిక బంధాన్ని విడగొట్టి, మనిషికొక జంతువు చొప్పున ఆత్మబంధువుగా పంచిపెడుతున్నాయి. తోడేలంటే ధైర్యమట, గుడ్లగూబంటే జ్ఞానమట. మన ఊళ్లో అదే గుడ్లగూబ ఇంటిమీద వాలితే ఇల్లు ఖాళీ చేసిన వాళ్లున్నారు. అర్థం పక్షిలో లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

మన కావ్యాల్లోకి వస్తే పక్షులు రాజాస్థానపు ఉద్యోగులు. శ్రీనాథుడి 'శృంగారనైషధం'లో హంస నలుడి గుణగణాలు దమయంతి చెవిన వేస్తుంది. పింగళి సూరన 'ప్రభావతీప్రద్యుమ్నం'లో శుచిముఖి అనే హంసి అంతకంటే మాటకారి, అంతకంటే కార్యదక్షురాలు. తెలుగు ప్రబంధాల్లో నాకు అత్యంత ఇష్టమైన పాత్రల్లో అదొకటని ఒప్పుకుంటాను. కదిరీపతి 'శుకసప్తతి'కీ, అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి'కీ వచ్చేసరికి పక్షి దారి చూపే గురువు అవుతుంది. ఇంతకీ చూపించే దారి ఏది? గడప దాటబోతున్న స్త్రీని రాత్రికొక కథ చెప్పి ఆపడం. ఆ కథల్లో ఆనాటి వృత్తులూ, ఇళ్లూ, తిండీ అపారంగా ఉన్నాయి. సామాజిక చరిత్రకారులకు అవి నిజంగా గనులు. అయినా పంజరంలో ఉన్న పక్షి, ఇంట్లో ఉన్న ఆడదానికి కాపలా కాయడం అనే ఏర్పాటులోని వ్యంగ్యం ఆ కవులకు తట్టినట్టు లేదు.

ఆస్థానం బయట జోస్యం చెప్పే పక్షి వెంట ఒక పేదవాడు ఉంటాడు. తెల్లవారుజామున డమరుకం వాయిస్తూ వచ్చి, పక్షి ఏదో పలికిందని చెప్పి, పాత బట్టో పిడికెడు గింజలో అడిగే బుడబుక్కలవాడు; రెక్కలు కత్తిరించిన చిలక చేత చీటీ తీయించే జ్యోతిష్కుడు. చిలకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మంచిదే. కానీ చిలకను వదిలేసిన తర్వాత ఆ మనిషి ఏం తినాలో చట్టంలో రాసిలేదు. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమనే నమ్మకం తెలంగాణలో బలంగా ఉంది. 2014 తర్వాత అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. పొలంలో పురుగుల్ని ఏరుకుతిని రైతుకు మేలుచేసే పిట్ట అది. హైదరాబాదులో దాన్ని పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బుకు దర్శనం చేయించే వ్యాపారం సాగింది. శుభశకునం అయినందుకు ఆ పిట్ట చెల్లించుకునే మూల్యం అది.

ఇక అసలు విషయానికి వస్తాను. శకునాల జాబితా జంతువులతో ఆగదు. పిల్లి, పాము, ఒంటి తుమ్ము, నూనెకుండ, కట్టెలమోపు — వీటి పక్కనే అదే వరుసలో విధవ ఉంటుంది, ఒంటి బ్రాహ్మడు ఉంటాడు, కొన్ని కులాల వాళ్లు ఉంటారు. అంటే ప్రాణికి అర్థం అంటగట్టే అధికారం చేజిక్కిన సమాజం, అదే కలంతో మనిషికీ అర్థం రాసేసింది. ఒకసారి 'గబ్బిలం' పద్యాలు చెప్పబోయే ముందు తరగతిలో పిల్లల్ని తమకు తెలిసిన అపశకునాలు కాగితం మీద రాయమన్నాను. పిల్లీ, గుడ్లగూబా, నక్కా అన్నీ వచ్చాయి. ఒక పిల్లవాడు నాలుగో వరుసలో 'మా నాయనమ్మ' అని రాశాడు. ఎందుకురా అని అడిగాను. "పరీక్షకొచ్చేటప్పుడు ఎదురు రావద్దని అమ్మ ఆమెను లోపలుండమంటది సార్" అన్నాడు. వాడి గొంతులో వేళాకోళం లేదు, బాధ కూడా లేదు. ఆ రోజు పాఠం అనుకున్న చోట మొదలు కాలేదు.

ఈ వెలుగులో జాషువా కథానాయకుణ్ని చూడండి. అతను చెప్పులు కుట్టి బతికే అస్పృశ్యుడు. ఊరికి అతని నీడ కూడా అపశకునమే. రాత్రివేళ, దొరికిన పాటి తిండి తిని పడుకోబోయే సమయంలో అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వస్తుంది. దాని రెక్కల గాలికి ఆముదపు దీపం అల్లాడి ఆరిపోతుంది. మనం ఆగవలసిన ఘట్టం ఇదే. ఇంట్లోకి గబ్బిలం రావడం ఒక అపశకునం, దీపం ఆరిపోవడం మరొకటి. శకునశాస్త్రం ప్రకారం ఆ మనిషి లేచి గబ్బిలాన్ని తరిమేసి, శాంతి చేయించుకోవాలి. కావ్యమర్యాద ప్రకారం కూడా అది ఉపద్రవానికి నాందిగా నిలవాలి. జాషువా నాయకుడు ఆ రెండూ చేయడు. చీకట్లో కూర్చుని దానికి తన గోడు చెప్పుకుంటాడు. ఊరు అశుభమన్న మనిషీ, ఊరు అశుభమన్న ప్రాణీ ఒకే గుడిసెలో ఎదురుపడ్డప్పుడు శకునం పనిచేయడం మానేసింది. కవి దీని మీద వ్యాఖ్యానం చేయడు, శకునాలు తప్పు అని ఉపన్యాసం ఇవ్వడు. దీపం ఆర్పి, మాట మొదలుపెట్టాడు, అంతే.

కాళిదాసు 'మేఘసందేశం' ఈ కావ్యానికి మాతృక అని అందరం చెబుతాం. అయితే కాళిదాసు ఒక చోట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మేఘం ఆవిరీ నీరూ గాలీ కదా, దానితో సందేశమేమిటంటే, విరహార్తులకు చేతనాచేతన వివక్ష ఉండదన్నాడు. జాషువాకు ఆ సంజాయిషీతో పనిలేదు. గబ్బిలం ప్రాణమున్నది. పైగా గుడిలో కాపురముండేది. మనుషుల అలికిడి తక్కువగా ఉండే చీకటి గర్భాలయాలూ గోపురాలూ గబ్బిలాలకు వాసయోగ్యాలు. ఇది కవి కల్పన కాదు, దాని జీవనవిధానం. గుడిలో వేలాడేటప్పుడు శివుడి చెవి దానికి కొంచెం దగ్గరగా ఉంటుంది కనుక, పూజారి లేని సమయం చూసి తన జీవితచరిత్ర విన్నవించమంటాడు నాయకుడు. మౌనంగా ఉండే పక్షిరాణి అని దాన్ని పిలుస్తాడు. గబ్బిలం పక్షి కాదు, పిల్లకు పాలిచ్చే జంతువు అని మా జీవశాస్త్రం మాస్టారు అభ్యంతరం చెబుతారు, నిజమే. పక్షుల్లోనూ మృగాల్లోనూ చేర్చుకోని గబ్బిలం కథ మనందరికీ తెలుసు. వర్ణాల లెక్కలోకి రాని మనిషికి అంతకంటే తగిన తోడు ఎక్కడ దొరుకుతుంది?

మార్గదర్శనం దిక్కు కూడా ఇక్కడ తిరగబడింది. శకునంలో జంతువుకు తెలుసు, మనిషికి తెలియదు. జంతువు సూచిస్తుంది, మనిషి లోబడతాడు. 'గబ్బిలం'లో దారి తెలిసినవాడు మనిషి. ఏ ఊరి మీదుగా పోవాలో, దారిలో ఏమేం చూడాలో అతనే చెబుతాడు. చారిత్రక స్థలాల వర్ణన కావ్యంలో కొన్నిచోట్ల అవసరానికి మించి సాగిందన్న విమర్శను నేను పూర్తిగా తోసిపుచ్చలేను. ప్రబంధపు వాసన జాషువాను వదలలేదు. కానీ ఆ చరిత్ర నుంచి వెలివేతకు గురైన వాడే దాన్ని తన సొత్తుగా వల్లించడంలో ఒక హక్కు ప్రకటన ఉంది. తంగేడుచెట్టు కింద చిలక చేత చీటీ తీయించుకుని తన రాత తెలుసుకునే మనిషి కాడు ఇతను. తన రాత ఎవరు రాశారో అతనికి తెలుసు. కర్మసిద్ధాంతం తన నోరు కట్టేసిందని ఎరుగును. తన రెక్కల కష్టం లేకపోతే పంట పండదని ఎరుగును.

ఈ కావ్యంలోనే మరో జంతువుంది. హిందూ సమాజాన్ని జాషువా నాలుగు పడగలున్న నాగరాజుగా చూపించి, అది ఇతణ్ని చూసి బుసకొడుతుందన్నాడు. నాగులచవితినాడు ఊరంతా పుట్టలో పాలుపోసి కొలిచే పాముకు ఇచ్చిన అర్థం ఇది. పూజించే ప్రాణిలో విషం చూపించాడు, అసహ్యించుకునే ప్రాణిలో చుట్టరికం చూపించాడు. ఈ రెండూ కలిపి చదవకుండా 'గబ్బిలం'లో కేవలం కరుణరసం ఉందనడం పాక్షికమైన మాట.

చివరకు శివుడికే మొరపెట్టుకున్నాడు కదా, ఇందులో అభ్యుదయం ఏముంది అని అడిగే మిత్రులున్నారు. తీసిపారేయవలసిన ప్రశ్న కాదది. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన 1936లో వచ్చింది. జాషువా ఉన్న మద్రాసు రాష్ట్రంలో అన్ని ఆలయాలకూ వర్తించే చట్టం 1947 దాకా రాలేదు. 1941లో గుడి తలుపు దగ్గర జరుగుతున్నది భక్తి చర్చ కాదు, పౌరహక్కుల పోరాటం. పైగా విన్నపంలోని వాదన దేవుడి దయ కోసం చేసింది కాదు. నాకు ప్రవేశం లేనిచోట గబ్బిలానికి ఎలా ఉంది అన్నదే వాదన. దానికి సమాధానం చెప్పవలసినవాడు శివుడు కాదు, పూజారి లేని వేళ చూసుకోవలసిన పరిస్థితి కల్పించినవాళ్లు. విన్నపపత్రం అనే రూపానికి ఉన్న పరిమితిని ఆ వాదన పూర్తిగా దాటిందని మాత్రం నేననను. వినే చెవి ఇంకా పైనే ఉంది.

జాషువా ఖండకావ్యాల్లో గిజిగాడి మీదా, సాలీడు మీదా రాసిన పద్యాలు కూడా ఈ సందర్భంలో చదవదగ్గవి. అక్కడ ఆయన ఆ ప్రాణుల్ని ఏ సూచనా అడగడు, ఏ ఫలమూ చెప్పమనడు. పనిముట్టు లేకుండా గూడు అల్లే పిట్టనూ, తన ఒంట్లోంచే నూలు తీసి నేసే పురుగునూ ఒక పనివాడు మరో పనివాణ్ని చూసినట్టు దగ్గరగా వంగి చూస్తాడు.