రిమోట్ కీ పోతే పది వేలు వదిలినట్టేనా?

పొద్దున తొమ్మిదింటికి కర్నూలులో ఇంటర్వ్యూ. నంద్యాల నుంచి అన్న కారులో బయలుదేరాలి. బటన్ ఎన్నిసార్లు నొక్కినా డోర్ తెరుచుకోదు. ‘రాత్రి యాడ పడేసినావురా దాన్ని?’ అని అన్న అరుస్తుంటాడు. అది ఆయన నడిపే ట్యాక్సీ అయితే మీ ఇంటర్వ్యూతో పాటు ఆయన ఆ రోజు కిరాయి కూడా పోయినట్టే. ఇలాంటప్పుడు కంగారులో నేరుగా షోరూమ్‌కి ఫోన్ చేస్తాం. వాళ్లు చెప్పే రేటు విన్నాక నోట మాట రాదు.

ఆ ఫోన్ చేసే ముందు ఐదు నిమిషాలు ఆగండి. పాడైంది కీ కాకపోవచ్చు, అందులోని బ్యాటరీ కావచ్చు. చాలా రిమోట్లలో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. వాచీల షాపులో, ఎలక్ట్రికల్ షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది. కొన్ని కీల్లో వేరే సైజు ఉంటుంది కాబట్టి పాత బిళ్ల మీది నంబరు చూసి అదే కొనండి. రిమోట్ పనిచేసే దూరం రోజురోజుకూ తగ్గుతోందంటే బ్యాటరీ అయిపోతోందని గుర్తు.

స్టార్ట్ బటన్ ఉన్న కార్లలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా దారి ఉంటుంది. రిమోట్ లోపల చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. పక్కనున్న మీట నొక్కి లాగితే బయటికొస్తుంది. దాంతో డ్రైవర్ డోర్ తీయండి. తర్వాత బ్రేక్ (గేర్ల బండి అయితే క్లచ్ కూడా) తొక్కి, రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. చాలా మోడళ్లు ఇలా స్టార్ట్ అవుతాయి. రిమోట్ ఎక్కడ ఆనించాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనలో ఎవరూ తెరవరు, అది వేరే సంగతి.

అసలు చిక్కు చిప్‌తోనే

కారు కీలో మూడు వస్తువులుంటాయి. ఒకటి ఇనుప తాళం. రెండోది డోర్లు తీసే రిమోట్ బోర్డు. మూడోది ట్రాన్స్‌పాండర్ చిప్. దీనికి బ్యాటరీతో పనిలేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న కాయిల్ నుంచి కరెంటు తీసుకుని తన కోడ్ చెబుతుంది. కారులోని కంప్యూటర్ ఆ కోడ్‌ను గుర్తుపడితేనే ఇంజిన్ నడుస్తుంది. ఇదే ఇమ్మొబిలైజర్. అచ్చుగుద్దినట్టు తాళం కోయించినా డోర్ తెరుచుకుంటుందే తప్ప బండి కదలదు.

ఇక్కడే మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు. పైన ప్లాస్టిక్ పగిలిందని ఖాళీ కేసు కొనుక్కుంటారు, లోపలి బోర్డు మార్చుకుంటారు, పాత కేసు చెత్తబుట్టలో వేస్తారు. చాలా కీల్లో ఆ చిప్ బోర్డు మీద కాకుండా పాత కేసులోనే ఓ మూల అతుక్కుని ఉంటుంది, చింతగింజలో సగమంత నల్ల ముక్క. అది చెత్తలోకి పోతే కొన్ని వందల పని కొన్ని వేలవుతుంది. కేసు మార్చేటప్పుడు చిప్ కొత్తదాంట్లోకి వచ్చిందో లేదో చూసుకోండి.

ప్యాంటు జేబులోనే రిమోట్ నీళ్లలో నానిందా? బటన్లు నొక్కకండి. కేసు తెరిచి వెంటనే బ్యాటరీ తీసేయండి, తుడిచి నీడలో ఆరబెట్టండి. మన కర్నూలు ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు.

ఒక కీ ఉంటే ఒక రేటు, లేకుంటే ఇంకో రేటు

నిజంగా కీ పోయిందనుకోండి. ఇంట్లో రెండోది ఉంటే పని తేలిక. దాన్ని మెషిన్‌కు చూపించి కొత్త కీని కారుకు పరిచయం చేస్తారు. బయటి కీ మేకర్ దగ్గర మామూలు చిప్ కీ రెండు మూడు వేలల్లో అయ్యే అవకాశముంది. షోరూమ్‌లో స్మార్ట్ కీకి పది వేలు దాటినా ఆశ్చర్యపోవద్దు. ఉన్న కీలన్నీ పోతేనే కష్టం. బండి కదలదు కాబట్టి మెషిన్ ఉన్నవాణ్ని పిలిపించాలి, లేదా టోయింగ్ చేయించాలి. ఆ ఖర్చు అదనం. అందుకే ఒక్క కీ మిగిలిన రోజే రెండోది చేయించండి.

బేరానికి ముందు మీ ఇన్సూరెన్స్ పాలసీ చూడండి. ‘కీ రీప్లేస్‌మెంట్’ అనే అదనపు కవర్ ఉంటే ఖర్చు వెనక్కి రావచ్చు. అందుకు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ అడుగుతారు. కవర్ లేకున్నా ఫిర్యాదు ఇవ్వడం మేలు. రేపు కారు దొంగతనమైతే క్లెయిమ్ సమయంలో కంపెనీవాళ్లు రెండు కీలూ చూపించమంటారు. పాత కారు కొనేటప్పుడు కూడా రెండో కీ లేదంటే ధరలో ఆ ఖర్చు తగ్గించమని అడగండి. కొత్త కీ చేయించేటప్పుడు, పోయిన కీని కారు మెమరీ నుంచి తీసేయమని చెప్పండి. లేకుంటే అది దొరికినవాడు మీ బండి తోలుకుపోగలడు. ఆర్‌సీ అడగకుండానే కీ చేసిచ్చేవాణ్ని నమ్మొద్దు.

ఈ పని మీరే నేర్చుకుంటే?

కడప ఏడురోడ్ల దగ్గరో, కొండారెడ్డి బురుజు పక్కనో గొడుగు కింద ఆకురాయితో బీగాలు రాకేవాళ్లను చూసే పెరిగాం. ఇప్పుడు అదే పనిలో ప్రోగ్రామింగ్ మెషిన్, సోల్డరింగ్, కారు వైరింగ్ వచ్చి చేరాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మన సీమలో తయారైన కారుకు మన సీమలోనే కీ చేయగలగాలి కదా.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చదివినవాళ్లకు, ఈసీఈ డిప్లొమా వాళ్లకు ఇది దగ్గరి దారి. డిగ్రీ వాళ్లూ నేర్చుకోవచ్చు, కాకపోతే సోల్డరింగ్ నుంచి మొదలుపెట్టాలి. మెషిన్ ముందే కొనేయకండి. ఏడాదిపాటు ఎవరి దగ్గరైనా చేయండి, ఏ మోడళ్లు ఎక్కువ వస్తున్నాయో తెలుస్తుంది. తెలియని మోడల్ మీద ప్రయోగం చేసి కారు కంప్యూటర్ లాక్ అయితే ఆ నష్టం మీదే.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాళాల పని ఒకటి. 18 ఏళ్లు నిండి, ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోవచ్చు. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల వరకు రుణం ఇస్తారు. కుటుంబంలో ఒకరికే. అది కుదరకపోతే బ్యాంకులో ముద్ర రుణం అడగండి, శిశు విభాగంలో 50 వేల వరకు ఇస్తారు.

షాపు పెట్టాక మాత్రం ఒక పుస్తకం ఉంచండి. ఆర్‌సీ నంబరు, వచ్చినవాళ్ల ఐడీ కాపీ, సంతకం, తేదీ. తెలిసినవాడే కదా అని ఆర్‌సీ చూడకుండా చేసిచ్చిన కీతో కారు పోతే, పోలీసులు ముందు వచ్చేది మీ షాపుకే.