ఈరోజు ఎవరికి ఫోన్ చేయాలి? తేదీల పట్టికతో పంట నడిపే పద్ధతి



వరి కోత నాలుగు రోజులు ఆలస్యమైనా పంట చేలో నిలుస్తుంది. పట్టుగూడు అట్లా ఆగదు. పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే రెక్కల పురుగు గూడును తొలుచుకుని బయటికి వచ్చేస్తుంది. తొలిచిన గూడు నుంచి దారం తెగకుండా రాదు, ధర పడిపోతుంది. అందుకే రీలరుకో, బండి ఆయనకో, కూలీలకో ఫోన్ చేయాల్సిన రోజు దాటిపోతే నష్టం మనదే.

నంబర్లు అందరి ఫోన్లలో ఉన్నాయి. ఎవరికి ఏ రోజు చేయాలో మాత్రం ఫోన్ దానంతట అది చెప్పదు. కంపెనీల్లో దీనికి సిఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఒక్కో కస్టమరు పేరు పక్కన చివరగా మాట్లాడిన తేదీ, మళ్ళీ మాట్లాడాల్సిన తేదీ ఉంటాయి. పొద్దున తెరిస్తే ఆ రోజు పలకరించాల్సిన వాళ్ళ జాబితా వస్తుంది. మనకు అంత పెద్దది అక్కర్లేదు. ఉచితంగా దొరికే గూగుల్ షీట్స్ చాలు.

*పట్టిక వేయడం*

మొదటి వరుసలో ఆరు శీర్షికలు రాయండి: పేరు, నంబరు, పని, చేయాల్సిన తేదీ, మాట్లాడిన తేదీ, ఏం చెప్పారు. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అందుకే మన ఫోన్లలో ఒక పేరు తెలుగులో, ఒకటి తమిళంలో, ఒకటి ఇంగ్లీషులో ఉంటుంది. పట్టికలో అన్నీ ఒకే లిపిలో రాయండి, వెతికితే దొరుకుతాయి.

*ఒక్క తేదీ నుంచే లెక్క*

అదే మొదటి వరుసలో, శీర్షికల తర్వాత ఒక గడి వదిలి, రెండో జ్వరం లేచిన చాకీ పురుగులు షెడ్డుకు వచ్చే తేదీ వేయండి. మిగతా తేదీలన్నీ దీన్నుంచే రావాలి. చేయాల్సిన తేదీ గడిలో ఈక్వల్ గుర్తు కొట్టి, చాకీ తేదీ గడిని తాకి, ప్లస్ 14 అని కొడితే 14 రోజుల తర్వాతి తేదీ అదే పడుతుంది. ముందు రోజులకు మైనస్ కొట్టండి. ప్రతి గడిలో విడిగా కొట్టాలి, కాపీ చేస్తే లెక్క తప్పుతుంది.

నేను పెట్టుకున్న లెక్క ఇది:

▪️ 15 రోజుల ముందు: పక్క చేల రైతులకు. మందు కొట్టేది ఉంటే ముందే చెప్పమని. ఆ మందు గాలికి మన మల్బరీ ఆకు మీద పడితే పురుగులు చస్తాయి.
▪️ 10 రోజుల ముందు: షెడ్డు కడగడానికి, మందు చల్లడానికి కూలీలకు.
▪️ 3 రోజుల ముందు: చాకీ కేంద్రానికి. పురుగులు చల్లపూట తెచ్చుకునేలా టైము అడగాలి.
▪️ 10వ రోజు: ఆకు కోసే కూలీలకు. మొత్తం మేతలో 80 శాతానికి పైగా పురుగు ఐదో దశలోనే తింటుంది.
▪️ 14వ రోజు: చంద్రికలు చాలకపోతే ఇచ్చే రైతుకు.
▪️ 16వ రోజు: పండిన పురుగులు ఏరే కూలీలకు.
▪️ 22వ రోజు: రేటు అడగడానికి రీలర్లకు, ధర్మపురి, రామనగరం, హిందూపురం మార్కెట్లకు పోయిన రైతులకు. అలాగే బండికి.

వాన, చలి రోజుల్లో పురుగు నెమ్మదిస్తుంది. జ్వరం ఒక రోజు ఆలస్యంగా లేస్తే చాకీ తేదీని ఒక రోజు పెంచండి, మిగతావన్నీ వాటంతట అవే జరుగుతాయి. పట్టిక పురుగును చూసి నడవాలి, పురుగు పట్టికను చూసి నడవదు.

*పొద్దుటి జాబితా*

శీర్షికల మీద ఫిల్టర్ పెట్టండి. 'చేయాల్సిన తేదీ'కి కండిషన్‌లో 'డేట్ ఈజ్ బిఫోర్', దాని కింద 'టుమారో' ఎంచుకోండి. 'మాట్లాడిన తేదీ'కి 'ఈజ్ ఎంప్టీ' ఎంచుకోండి. ఇప్పుడు ఈరోజు చేయాల్సినవి, నిన్న మొన్న మిగిలిపోయినవి మాత్రమే కనిపిస్తాయి. 'టుడే' ఒక్కటే పెడితే మిగిలిపోయినవి కనబడకుండా పోతాయి. రోజూ ఫిల్టర్ తీసి మళ్ళీ పెట్టుకుంటే జాబితా సరిగా వస్తుంది.

ఇంకో జాగ్రత్త. 5/8 అని కొడితే షీటు ఆగస్టు 5 అనుకోవచ్చు, మే 8 అనుకోవచ్చు. నెల పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. తేదీ గడిలో కుడి వైపు నిలబడితే షీటు దాన్ని తేదీగా తీసుకున్నట్టు. ఎడమ వైపు ఉంటే మామూలు రాతగా చూస్తోంది, ఫిల్టర్‌కు దొరకదు.

*పంట అయ్యాక*

షీటును డూప్లికేట్ చేసి, మాట్లాడిన తేదీలు చెరిపి, కొత్త చాకీ తేదీ వేస్తే తర్వాతి పంటకు పట్టిక తయారు. పాతది తీసేయకండి. ఏ రీలరు చెప్పిన రోజుకు వచ్చాడు, ఏ రేటు చెప్పి ఎంత ఇచ్చాడు, డబ్బు ఎన్ని రోజులకు చేతికి వచ్చింది అన్నీ 'ఏం చెప్పారు' గడిలో ఉంటాయి. నాలుగు పంటల షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి మొదట ఫోన్ చేయాలో మనకే తెలుస్తుంది. బేరానికి కూర్చున్నప్పుడు ఆ రాత మాటకంటే గట్టిగా నిలుస్తుంది.

వచ్చే పంటకు ఎనిమిది పేర్లతో మొదలుపెట్టండి. ఫిల్టర్ దగ్గర ఎవరికైనా ఆగిపోతే స్క్రీన్ ఫోటో గ్రూపులో పెట్టండి, కానీ నంబర్లు కనబడకుండా కత్తిరించి పెట్టండి.