మూడో జాము ఏడుపు

రండిరా, రండి. ఆ చాప ఇటు లాగండి, అరుగు మీదికి ఎండ రావడానికి ఇంకా టైముంది. ఏమే అమ్మడూ, కళ్ళు అలా ఎర్రబడ్డాయి? రాత్రి నిద్ర లేదు కదూ. మీ అత్త కొడుకు రెండింటికి అందుకుంటే మూడుగానీ వదల్లేదు. వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంది. ఇందాక పళ్ళు తోముకుంటూ "వాడు ఒట్టి మొండిఘటం తాతయ్యా" అన్నావు చూడు, అందుకే పిలిచాను నిన్ను. వాడు పుట్టి ఇవాళ్టికి 38 రోజులు. మొండితనం నేర్చుకునే వయసు కాదే అది. అసలు రాత్రి ఏం జరిగిందో మొదట్నుంచీ చెబుతా, వినండి.

రెండు కాకముందే వాడు ఒకసారి కదిలాడు. మూలిగాడు, కాళ్ళు తన్నాడు, మూతి చప్పరించాడు, కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ పరిగెత్తాయి. మీ నాన్న ఎత్తుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకో తెలుసా? వాడు లేవలేదు, నిద్రలోనే ఉన్నాడు. మన నిద్ర ఒక్కో చుట్టూ గంటన్నర సాగుతుంది. పసివాళ్ళ చుట్టు గంటలోపే ముగుస్తుంది. వాళ్ళ నిద్రలో సగం ఇదిగో, ఈ కదులుతూ మెదులుతూ ఉండే నిద్రే. దీన్ని పట్టుకున్నది షికాగోలో చదువుకునే యూజీన్ అసెరిన్‌స్కీ. నిద్రపోయే పసిపిల్లల కనురెప్పల్ని చూస్తూ గంటల తరబడి కూర్చునేవాడట పాపం. తర్వాత తన ఎనిమిదేళ్ళ కొడుక్కి కళ్ళ పక్కన తీగలు అంటించి, నిద్రలో కళ్ళు పరిగెత్తడాన్ని కాగితం మీద గీయించాడు. 1953లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మనిషి పుట్టినప్పటినుంచీ ప్రతి తల్లీ చూసిందే కదా అది! కూర్చుని ఓపిగ్గా చూసినవాడికి దొరికింది.

నానమ్మ సన్నసెగ మీద పాలు కాచేటప్పుడు చూశారా? పొంగు అంచుదాకా వస్తుంది, గుండె గుభేలుమంటుంది, అంతలో తనంతట తనే దిగిపోతుంది. పసివాడి మూలుగూ అంతే. ఒక నిమిషం ఆగి చూడాలి. మనం గబుక్కున ఎత్తుకున్నామో, నిద్రలో ఉన్నవాణ్ణి మనమే లేపినవాళ్ళమవుతాం.

రాత్రి మాత్రం పొంగు దిగలేదు. పొయ్యి మీద పడింది! గుక్క పట్టి ఏడ్చాడు. అది ఆకలి. పుట్టిన రోజున బిడ్డ ఒక్కసారికి ఎన్ని పాలు తాగుతాడనుకున్నారు? ఒక చెంచాడు. మీ గోళీకాయంత అన్నమాట. వారం పది రోజులకి కోడిగుడ్డంత పడుతుంది. పైగా తల్లిపాలు ఎంత తేలికంటే, గంటన్నర రెండు గంటల్లో అరిగిపోతాయి. మన నల్లరేగడి చేను ఒకసారి తడిపితే వారం రోజులు పదును నిలుపుకుంటుంది. ఏటిపక్క ఇసుక చెక్క ఉందే, దానికి పొద్దున నీళ్ళు పెడితే సాయంత్రానికి మళ్ళీ నోరు తెరుస్తుంది. ఇసుక చెక్కని చూసి మొండిది అంటామా? వీడి పొట్టా అలాంటిదే.

అదే సమయానికి మీ నాన్న కంగారుపడి ట్యూబులైటు వేశాడు. నేను వెళ్ళి ఆర్పేసి, గూట్లో చిన్న దీపం ఒక్కటి ఉంచాను. ఇది కాస్త చెప్పుకోవాల్సిన ముచ్చట. మన తలలో, రెండు కళ్ళ నరాలూ కలుసుకునే చోటికి కాస్త పైన, బియ్యపుగింజంత గడియారం ఉంటుంది. వెలుతురు చూసి పగలు అంటుంది, చీకటి చూసి రాత్రి అంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చి ఒళ్ళంతటికీ దండోరా వేస్తుంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ అమ్మ మెలటోనినే బిడ్డకీ అందేది, అమ్మ గడియారమే వాడి గడియారం. బొడ్డు కోశాక ఆ కబురు ఆగిపోయింది. సొంత గడియారం సరిగ్గా నడవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

మరి ఈ మధ్యలో? ఇక్కడే నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది. పగటి పాలలో అది దాదాపు ఉండనే ఉండదు. ఒకే తల్లి, పగలు ఒక పాలు, రాత్రి ఇంకో పాలు! ఆకలి తీరుస్తూనే "ఇది రాత్రిరా నాన్నా" అని గుటక గుటకకీ చెప్పి పంపుతోందన్నమాట. మీ అత్తకి ఆ సంగతి తెలీదు. కళ్ళు మూతలు పడుతుంటే గోడకి ఆనుకుని కూర్చుంది, అంతే. లోపల పని మాత్రం జరిగిపోతోంది. మనం చెయ్యాల్సిందల్లా ఆ కబురుకి అడ్డు తగలకపోవడమే. రాత్రి దీపం చిన్నది, మాట చిన్నది. పగలు మాత్రం తలుపులు తీసి వెలుతురు రానివ్వాలి, మీరు గోల చేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

సరే, పాలు తాగాడు, త్రేన్చాడు, తడి గుడ్డ మార్చారు. అయినా ఏడుస్తున్నాడు. మీ అత్త కళ్ళల్లో నీళ్ళు, తన పాలు చాలడం లేదేమోనని. పిచ్చిపిల్ల! అమెరికాలో బ్రేజిల్టన్ అనే పిల్లల డాక్టరు 80 మంది పసిపిల్లల ఏడుపుని తల్లులచేత రోజూ లెక్క రాయించి, 1962లో అచ్చు వేశాడు. ఏ జబ్బూ లేని పిల్లలే వాళ్ళంతా. ఆరో వారానికి రోజుకి దాదాపు పావుతక్కువ మూడు గంటలు ఏడ్చారు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ మూడో నెలకి సద్దుమణిగింది. మనవాడికి ఇప్పుడు ఆరో వారం. ఏటికి వరద రావాల్సిన కార్తెలో వచ్చినట్టు, ఈ ఏడుపూ తన వేళకే వచ్చింది. తల్లి తప్పేం లేదని మీ అత్తకి రాత్రి అదే చెప్పి, వాణ్ణి నా భుజాన వేసుకున్నాను.

ఇక నడక. అటక మీది పిల్లి గుర్తుందా, పోయిన వేసవిలో పిల్లల్ని మెడ పట్టుకుని గడ్డివాము దగ్గరికి మోసింది? నోట కరవగానే ఆ పిల్ల కాళ్ళు ముడుచుకుని మెత్తగా వేలాడింది. ఒక్కటీ గింజుకోలేదు. తల్లి మోస్తున్నప్పుడు గోల చేస్తే ఇద్దరికీ ప్రమాదం. జపాన్‌లో కుమి కురోడా అనే ఆవిడ ఈ సంగతి మనిషి పిల్లల్లో చూసింది. తల్లి ఎత్తుకుని నడుస్తుంటే బిడ్డ ఏడుపు తగ్గింది, గుండె వేగమూ తగ్గింది. ఎత్తుకుని ఊరికే కూర్చుంటే అంత గుణం కనబడలేదు. 2022లో 21 మంది పసిపిల్లలతో మళ్ళీ చూశారు. ఆగకుండా అయిదు నిమిషాలు నడిస్తే ఏడ్చేవాళ్ళు ఊరుకున్నారు, దాదాపు సగం మంది నిద్రలోకే జారిపోయారు.

నేనూ నడిచాను. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి, మధ్యలో ఆగకుండా. ఏదో కూనిరాగం తీశాను. నా గొంతు బాగుండదు, వాడు పట్టించుకోడు. కడుపులో ఉండగానే పిల్లలు మన మాటల తీరు విని పట్టేసుకుంటారు. జర్మనీలో కాథ్లీన్ వెర్మ్‌కే అనే ఆవిడ 2009లో 60 మంది అప్పుడే పుట్టిన పిల్లల ఏడుపులు రికార్డు చేసి చూస్తే, ఫ్రెంచి పిల్లల ఏడుపు కింద నుంచి పైకి లేస్తోందట, జర్మన్ పిల్లలది పై నుంచి కిందికి దిగుతోందట. ఆ భాషల రాగమే వాళ్ళ ఏడుపులోనూ! మనవాడి ఏడుపులో మన గోదావరి యాస ఎంత ఉందోనని రాత్రి చెవి ఒగ్గి విన్నాను.

పడుకోబెట్టడం మాత్రం ఓర్పుతో కూడిన పని. నిద్రపోయాడు కదాని వెంటనే దింపితే చాలా ఇళ్ళల్లో ఏమవుతుందో నీకు తెలుసు. కురోడా వాళ్ళు గుండె వేగం చూసి చెప్పారు: పక్క తగలడం వల్ల కాదు, తల్లి ఒంటి నుంచి విడిపోతున్నప్పుడే బిడ్డ ఉలిక్కిపడుతున్నాడని. అందుకని నిద్రపోయాక ఇంకో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోమన్నారు. గుడ్డ మీది వడియాలు గబుక్కున లాగితే విరుగుతాయి. వెనక నీళ్ళు చిలకరించి, కాసేపు ఆగి, అప్పుడు మెల్లగా ఒలవాలి. వీణ్ణీ అలాగే ఒలిచాను నా ఒంటి నుంచి. వెల్లకిలా పడుకోబెట్టాం, ఎప్పుడూ వెల్లకిలానే. నోటి దగ్గర దిండూ దుప్పటీ లేకుండా.

అదిగో, పొద్దున్నే ఎవరో పెద్దావిడ వచ్చి, నాలిక మీద కాస్త తేనె రాయండి, మత్తుగా నిద్రపోతాడు అంది. ఆవిడ ప్రేమకి దణ్ణం పెట్టాను, తేనె మాత్రం వద్దన్నాను. తేనెలో ఒక్కోసారి బొటులినం అనే సూక్ష్మజీవి విత్తనాలు ఉంటాయి. మన పేగుల్లో అవి మొలవవు, మనది కాపు కాసిన చేను. ఏడాది నిండని బిడ్డ పేగు ఖాళీ దుక్కి, అక్కడ మొలిచి విషం పుట్టిస్తాయి. మనం ఇంట్లో కాచినా ఆ విత్తనాలు చావవు. ఇంకా పాతరోజుల్లో అయితే నల్లమందే పెట్టేవారు. బొంబాయి నూలుమిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డకి నల్లమందు మాత్ర వేసి పనికి పోయేవారు. వాళ్ళకి వేరే దారి లేదు, బిడ్డని చూసుకునే మనిషి లేదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప, డాక్టరు రాసిన మందు తప్ప, ఏదీ వద్దు. మంచినీళ్ళూ వద్దు.

ఇంకొక్కటి, ఇది మీరు పెద్దయ్యాక కూడా గుర్తుంచుకోవాలి. ఎంత విసుగొచ్చినా పసివాణ్ణి పట్టుకుని కుదపకూడదు. మెడ నిలవదు, లోపల మెదడు దెబ్బ తింటుంది. కోపం వస్తోందనిపిస్తే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, బయటికొచ్చి, ముఖం కడుక్కుని అయిదు నిమిషాలు నిలబడండి. ఆ అయిదు నిమిషాల ఏడుపు వాడికేం చెయ్యదు. ఒళ్ళు వేడెక్కి 100.4 డిగ్రీలకి చేరినా, పాలు తాగకపోయినా, పచ్చగా కక్కినా అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

నువ్వడగబోయేది నాకు తెలుసు: నీకెందుకు తాతయ్యా అర్ధరాత్రి మెలకువ అని. నా వయసుకి నిద్ర పలచబడుతుందే. ఇదివరకు బెంగపడేవాణ్ణి. ఆఫ్రికాలో టాంజానియాలో హద్జా అనే వేటగాళ్ళున్నారు. 33 మంది పెద్దవాళ్ళ నిద్రని 20 రోజులు కనిపెట్టి చూస్తే, అందరూ ఒకేసారి నిద్రపోయింది మొత్తం కలిపి 18 నిమిషాలేనట! కుర్రవాళ్ళు ఒక వేళ పడుకుంటారు, ముసలివాళ్ళు ఒక వేళ లేస్తారు. ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. అది చదివినప్పటినుంచీ మూడో జాములో మెలకువ వస్తే బెంగ లేదు నాకు. చెప్పులు వేసుకోకుండా లేచి ఉయ్యాల దగ్గరికి పోతాను.

ఉష్... వినబడిందా? కదిలాడు. లేవకండి, ఆగండి. పొంగు దిగుతుందేమో చూద్దాం.

ఊహూఁ. ఇది ఆకలే. అమ్మడూ, పరిగెత్తకుండా వెళ్ళి మీ అత్తని లేపు. నువ్వు ఆ కిటికీ తలుపు తెరువురా, వెలుతురు రానీ.