ఒకే గ్యాసు, రెండు ప్లాస్టిక్కులు

పాల ప్యాకెట్ కవరూ, మేడమీది నీలం నీళ్ల డ్రమ్మూ పాలిథిలీన్ కుటుంబానివే. రెంటికీ ప్రధాన ముడిసరుకు ఇథిలీన్ అనే గ్యాసే. అయినా ఒకటి మెత్తగా సాగుతుంది, మరొకటి మనిషి ఎక్కి నిలబడినా తట్టుకుంటుంది. తేడా ఎక్కడొచ్చింది?

తయారీలో వచ్చింది. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో తొలి పాలిథిలీన్ వెయ్యి అట్మాస్ఫియర్లకు మించిన ఒత్తిడిలో పుట్టింది. ఆ ఒత్తిడిలో, ఎక్కువ వేడిలో పెరిగే అణువుల గొలుసులకు పక్కకొమ్మలు మొలుస్తాయి. కొమ్మలు కొట్టని కట్టెలు మోపులో కుదురుకోనట్టే ఆ గొలుసులూ దగ్గరగా సర్దుకోలేవు. స్ఫటికంగా మారే భాగం తగ్గి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ ఒక ఉత్ప్రేరకంతో ఇదే పనిని తక్కువ ఒత్తిడిలో సాధించాడు. ఈసారి గొలుసులకు కొమ్మలు దాదాపు లేవు. డ్రమ్ములకు పనికొచ్చే గట్టి ప్లాస్టిక్ అలా వచ్చింది.

ఒత్తిడి, వేడి, రియాక్టర్ చూసుకోవడం, ఫ్లాస్కులో జరిగిన చర్యను టన్నుల్లో జరిపించడం కెమికల్ ఇంజనీర్ల పని. లోపలి అమరికను బట్టి బలం, సాగుడు ఎలా మారతాయో చూడటం మెటీరియల్స్ సైన్స్ పని. రియాక్టర్ దగ్గర తీసుకున్న నిర్ణయమే స్ఫటికంలో బయటపడుతున్నప్పుడు ఈ రెంటినీ వేరువేరుగా నేర్పడం నాకు సబబుగా తోచదు. కానీ మెటీరియల్స్ సైన్స్ చాలావరకు లోహశాస్త్రంలోంచి ఎదిగింది కాబట్టి ఎక్కువ చోట్ల ఆ గూటిలోనే ఉండిపోయింది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ అది మెటలర్జీతో కలిసి ఉంది, కెమికల్ ఇంజనీరింగ్ వేరే శాఖ.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1970 ప్రాంతంలో రెంటినీ ఒకే శాఖ చేసింది. 1949 నుంచి 1974 దాకా అక్కడ కెమికల్ ఇంజనీరింగ్‌కు అధిపతిగా ఉన్న నీల్ అమండ్‌సన్ డాక్టరేట్ చేసింది గణితంలో. ఏ చదువు చదివినవాడైనా సమస్యకు పనికొస్తే చాలనుకునే వాతావరణం ఆ శాఖలో అప్పటికే ఉంది. ఆ శాఖకే చెందిన ఫ్రాంక్ బేట్స్, కార్నెల్ విశ్వవిద్యాలయపు జెఫ్రీ కోట్స్ బృందాలు 2017లో ప్రచురించిన పని నాకెంతో ఇష్టం. పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ కరిగించి కలిపినా ఒకదానితో ఒకటి కలవవు. ఆ మిశ్రమం పెళుసుగా విరుగుతుంది. పాత ప్లాస్టిక్‌ను మళ్లీ వాడటానికి పెద్ద అడ్డంకి ఇదే. రెండు రకాల ముక్కలూ వంతులవారీగా ఉండే గొలుసును వాళ్లు తయారుచేసి, నూటికి ఒక పాలు కలిపితే మిశ్రమానికి పెళుసుదనం పోయింది. ఆ గొలుసును కట్టడానికి ఉత్ప్రేరకం తెలియాలి. అది రెండు ప్లాస్టిక్కుల హద్దును ఎలా కుట్టేస్తుందో చెప్పడానికి అమరిక తెలియాలి.

కలయికకు ఇబ్బందులూ ఉన్నాయి. కెమికల్ వైపు విద్యార్థులూ అధ్యాపకులూ ఎక్కువైతే లోహాలు, సిరామిక్స్ చెప్పేవాళ్లు మూలకు జరిగిపోతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ క్యాంపస్‌లో కలిసి ఉన్న ఈ రెండూ తర్వాత వేరుపడ్డాయి కూడా. అయినా విద్యార్థికి ముందు కావలసింది ఒక్క కోర్సు: తానే రియాక్టర్‌లో ప్లాస్టిక్ చేసి, అదే ముక్కను ఎక్స్-రే కింద చూసి, సాగదీసి తెంపి, ఉష్ణోగ్రత మార్చి మళ్లీ చెయ్యాలి. దానికి శాఖల విలీనం దాకా ఆగక్కర్లేదు.