ఊరి మీద బెంగా? ఒంట్లో జబ్బా?

మీ నాన్నగారు కాలం చేశాక అమ్మగారిని ఊళ్ళో ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక మీ దగ్గరకు తెచ్చుకున్నారు. గాలీ వెలుతురూ వచ్చే గది ఇచ్చారు. వేళకు కాఫీ, వేళకు భోజనం. అయినా ఆవిడ రెండు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. "నోరు చవి చచ్చిందిరా" అంటున్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి జాకెట్లు వదులయ్యాయి. చూడవచ్చిన బంధువులందరిదీ ఒకటే మాట: "ఊరి మీద బెంగ పెట్టుకుంది. అలవాటు పడితే అదే సర్దుకుంటుంది."

సర్దుకోవచ్చు, సర్దుకోకపోనూవచ్చు. నేను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే డాక్టరుని. బదిలీల మీద కోస్తాలోనూ, సీమలోనూ తిరిగాను. ఏ ఊళ్ళో చూసినా పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చునే లోపలే వెంట వచ్చినవారు జబ్బు పేరు కూడా చెప్పేస్తూ ఉంటారు. ఆ పేర్లలో బెంగ ఒకటి.

అలాగని బెంగను నేను తీసిపారెయ్యడం లేదు. ఒకప్పుడు అది వైద్యుల పుస్తకాలకెక్కిన జబ్బే. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దాని మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. గ్రీకు భాషలో ఇంటికి తిరిగి రావడానికి ఒక మాట, నొప్పికి ఒక మాట ఉన్నాయి. ఆ రెండూ కలిపి "నోస్టాల్జియా" అని పేరు పెట్టింది ఆయనే. నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, నీరసం, గుండె దడ ఆయన చెప్పిన లక్షణాలు. స్వంత ఊరికి పంపెయ్యడమే మంచి మందు అన్నాడు. కొండల మీద పుట్టినవాళ్ళు పల్లానికి దిగితే గాలి ఒత్తిడి పెరిగి ఈ జబ్బు వస్తుందని ఆ తరువాత మరొక స్విస్ పండితుడు వాదించాడు! 1861 నుంచి 1865 దాకా జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యులు వేలమంది సిపాయిల పేర్ల పక్కన ఇదే జబ్బు రాశారు. ఈనాటి వైద్యశాస్త్రం దీన్ని జబ్బుగా లెక్కపెట్టదు. ఆ సిపాయిల్లో ఎంతమందికి లోపల టైఫాయిడో, క్షయో, మరొకటో ఉండి ఉంటుందో అని నాకు అనుమానం. మన ఇళ్ళల్లో కూడా జరుగుతున్నది అదే గనుక ఇంత చెప్పవలసి వచ్చింది.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. రాజమండ్రి ఇన్నీసుపేటలో నలభై ఏళ్ళు కాపురం చేసి, విశాఖపట్నంలో కొడుకు ఫ్లాటుకు వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళు. అన్నం సహించడం లేదు. కొడుకు మంచివాడు. రాజమండ్రి నుంచి ఎవరు వస్తున్నా పూతరేకులు, తాటి తాండ్ర, ఊరగాయలు తెప్పించేవాడు. కోడలు పాపం అత్తగారిని అడిగి పనసపొట్టు ఆవపెట్టి వండింది. ఆవిడ రుచి చూసి "బాగుందమ్మా" అని చెయ్యి కడిగేసుకున్నారు. నాలుగు నెలల్లో యాభై నాలుగు కిలోల మనిషి నలభై ఎనిమిదికి దిగారు. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతుందా అని అడిగితే, "దీపాల వేళ కాస్త అలా ఉంటుంది, మా ఊరు గుర్తొచ్చి" అన్నారు. దగ్గు ఉందిగాని, కొత్త ఊరి నీళ్ళు పడలేదనుకున్నారు. కళ్లె పరీక్షలో, ఎక్స్‌రేలో క్షయ బయటపడింది. ఆరు నెలలు మందులు వాడారు. రెండో నెలలోనే గుత్తివంకాయ కూర చెయ్యమని కోడలిని అడిగారు.

ఆవిడకు బెంగ లేదా అంటే ఉంది. బెంగా ఉంది, క్షయా ఉంది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాకూడదని లేదు గదా!

అందుచేత ముందు చెయ్యవలసినది తూకం చూడటం. మనిషిని చూసి అంచనా కట్టకండి. రోజూ చూసే కళ్ళకు తేడా తెలియదు. నెలకొకసారి ఒకే యంత్రం మీద బరువు చూసి కాలెండరు మీద రాసిపెట్టండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపల ఒంటి బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, కారణం వెతకాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, మింగేటప్పుడు అడ్డుపడటం, మలంలో రక్తం, కొత్తగా పట్టుకున్న మలబద్ధకం, ఇవి ఉంటే నెల కూడా ఆగవద్దు. షుగరు, థైరాయిడు, మూత్రపిండాల పరీక్షలు కూడా అవసరమవుతాయి. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి తగ్గించి నోట్లో లోహపు రుచి తెస్తుంది. గుండెకు ఇచ్చే డిగాక్సిన్ మోతాదు ఎక్కువైతే అన్నం చూస్తేనే వికారం. అయితే మీ అంతట మీరు మందులు ఆపకండి.

నోరు తెరిపించి చూడటం చాలామంది మరిచిపోతారు. బరువు తగ్గితే చిగుళ్ళు కూడా తరిగి, కట్టుడు పళ్ళు వదులై గీరుకుంటాయి. ఆ మాట కొడుకుతో చెప్పడానికి మొహమాటపడి, "ఇక్కడి అన్నం గట్టిగా ఉంటుంది, మన ఊళ్ళోలాగా కాదు" అంటారు. అది ఊరి మీద బెంగ కాదు, పంటి డాక్టరు పావుగంటలో సరిచెయ్యగల సంగతి.

మనసు సంగతికి వద్దాం. బెంగకూ, మానసిక కుంగుబాటుకూ తేడా ఇంట్లోవాళ్ళు కూడా కొంత పోల్చుకోవచ్చు. బెంగ పెట్టుకున్న మనిషి దగ్గర ఊరి కబురు ఎత్తి చూడండి. కోటిలింగాల రేవులో కార్తీక స్నానాలో, కోటగుమ్మం దగ్గర రద్దీయో, గౌతమీ గ్రంథాలయంలో చదివిన పుస్తకాలో, ఏది కదిపినా ముఖం విచ్చుకుంటుంది. మాటలు వస్తాయి. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తింటారు. కుంగుబాటులో ఉన్న మనిషికి ఊరి కబురు కూడా రుచించదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. "మీకు బరువైపోయాను" అంటారు. ఇది రెండు వారాలు సాగితే వైద్యం కావాలి, వైద్యంతో తగ్గుతుంది కూడా. "బతికి ఏం లాభం" అన్న మాట వినిపిస్తే ముసలితనపు చాదస్తమని కొట్టిపారెయ్యకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు కట్టనవసరం లేదు.

మరొక రకం ఉంది. ఉన్నది కొడుకు ఇంట్లోనే అయినా పొద్దుగూకేసరికి "ఇక మన ఇంటికి పోదాం పద" అని చెప్పులు వేసుకుంటారు. అమ్మేసిన ఇంటి తాళం చెవి వెతుకుతారు. ఇది బెంగ కాకపోవచ్చు. మతిమరుపు వ్యాధికి ఆరంభం కావచ్చు. కసరవద్దు. వాదించి ఒప్పించాలని చూడవద్దు. పరీక్ష చేయించండి.

అన్ని పరీక్షలూ బాగానే ఉన్నాయి, ఇది నిజంగా బెంగే అనుకోండి. అప్పుడేం చెయ్యాలి? ఊరి నుంచి పార్శిళ్ళు తెప్పించాలని అందరికీ తోస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. బస్సులోనో, రైల్లోనో, అమెరికా విమానంలోనో ప్రయాణం చెయ్యగలిగేది నిలవ ఉండే పదార్థం మాత్రమే. నిలవ ఉండేది దేనివల్ల? ఉప్పు, నూనె, బెల్లం, పంచదార వల్ల. ఆవకాయ, మాగాయ, వడియాలు, ఊరమిరపకాయలు, కాజాలు, సున్నుండలు వస్తాయి. తోటకూర పులుసు రాదు. కంద బచ్చలి రాదు, పెసరట్టు రాదు, మజ్జిగ రాదు. మీ అమ్మగారు ఊళ్ళో రోజూ తిన్నది ఈ రానివాటిని. వచ్చేవి అంచున వేసుకునేవీ, పండగకు చేసుకునేవీ. పార్శిల్ ఇంటికి వచ్చేసరికి అంచున ఉండవలసింది కంచం మధ్యకు చేరుతుంది.

గుండె బలహీనపడి, ఒంట్లో నీరు పోవడానికి మాత్రలు వాడుతున్న ఒక పెద్దమనిషికి ఎండాకాలంలో చుట్టాలు మూడు రకాల కొత్త ఊరగాయలు పంపారు. "ఎన్నాళ్ళకు నాన్న కడుపునిండా తింటున్నారు" అని ఇంటిల్లిపాదీ సంతోషించారు. మూడో వారానికి కాళ్ళు పొంగి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోజుకు మనిషికి ఉప్పు అయిదు గ్రాముల లోపే ఉండాలి. అంటే సుమారు ఒక చెంచాడు, కూర, చారు, పచ్చడి అన్నిటిలోదీ కలిపి. రక్తపుపోటు ఉన్నవాళ్ళు ఆవకాయ వేసుకునే పూట చిన్న ముక్కతో సరిపెట్టుకుని, మిగతా వంటలో ఉప్పు తగ్గించుకోవాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు తమ డాక్టరును అడిగిగాని ముట్టుకోకూడదు. అలాగే, బెల్లం పూతరేకులు షుగరుకు మంచివనే మాట ఎక్కడ పుట్టిందో తెలియదుగాని, అది తప్పు. బెల్లంలో ఉన్నదీ ముఖ్యంగా చక్కెరే.

కాబట్టి ఊరి నుంచి సీసాలు కాకుండా వంట తెచ్చుకోండి. వారానికి రెండు పూటలు ఆవిడ చెప్పినట్టు వంట జరగనివ్వండి. ఓపిక ఉంటే ఆవిడ చేత్తోనే పోపు పెట్టించండి. ఇందులో శాస్త్రం కూడా ఉంది. చూసినదీ, విన్నదీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్ళాలి. వాసన ఆ మజిలీతో పని లేకుండానే జ్ఞాపకాలకూ, భావాలకూ సంబంధించిన భాగాలను చేరుతుంది. ఇంగువ పోపు చిటపటలాడగానే ఆర్యాపురం వీధి కళ్ళకు కట్టడం అందుకే.

కోడళ్ళ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద పాలు వాసనదే. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండటం మీకు తెలిసినదే. అరవై దాటాక చాలామందికి వాసన పట్టే శక్తి మెల్లగా తగ్గుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వచ్చినవారిలో కొందరికి అది ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కనుక "మన ఊరి కూర రుచి ఇక్కడి కూరకు లేదు" అన్న మాటలో కొంత నీటి గుణం, కొంత కాయల గుణం, ఎక్కువ భాగం ముక్కు గుణం. కోడలి చేతి గుణం కాదు! చప్పగా ఉందని ఉప్పు పెంచకుండా నిమ్మరసం, కొత్తిమీర, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి వాడి చూడండి. వాసన ఉన్నట్టుండి పూర్తిగా పోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

ఇక వీధి సంగతి. ఊళ్ళో ఆవిడ పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టి, కూరల బండి దగ్గరకు వెళ్ళి వంకాయలు ఏరుకుని, మార్కండేయస్వామి గుడికి నడిచి, దారిలో నలుగురి బాగోగులు అడిగి ఇంటికి వచ్చేసరికి ఆకలి దానంతటదే వేసేది. దాన్ని ఎవరూ వ్యాయామం అనలేదు. ఇప్పుడు మంచం నుంచి సోఫాకు, సోఫా నుంచి మంచానికి. అడుగు కదలని మనిషికి పేగు కూడా కదలదు. మలబద్ధకం వస్తుంది, ఆకలి చస్తుంది. దాన్నీ ఊరి మీదకే తోస్తాం. నెల్లూరు చేపల పులుసును తలుచుకునేవారికైనా, కర్నూలు ఉగ్గాని బజ్జీని తలుచుకునేవారికైనా, వరంగల్లు సర్వపిండి కోసం కలవరించేవారికైనా ఇది ఒకటే.

కాబట్టి కూరలు ఫోనులో తెప్పించడం మాని, చేతికి సంచి ఇచ్చి ఆవిడనే పంపండి. మొదట్లో తోడు వెళ్ళండి. పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకు పెంచండి. మోకాళ్ళు నొప్పి అంటే చేతికర్ర ఇవ్వండి. బండివాడు పేరు పెట్టి పిలిచే రోజు వచ్చేసరికి సగం బెంగ తీరుతుంది. మీ వీధిలో ఆ జిల్లావాళ్ళు ఎవరున్నారో కనుక్కుని పరిచయం చెయ్యండి. మధ్యాహ్నం భోజనం ఒంటరిగా కాకుండా ఎవరైనా పక్కన కూర్చుని చెయ్యాలి. ఇది కష్టమని నాకు తెలుసు, మీ ఆఫీసు ఉంటుంది. కనీసం రాత్రి భోజనం టి.వి. ముందు కాకుండా అందరూ కలిసి చెయ్యండి.

ఏడాదికొకసారైనా ఊరు చూపించి తీసుకురండి. అక్కడ అన్నీ మునుపటిలా ఉండవని ముందే చెప్పి ఉంచండి. గోదావరి మీద హేవలాక్ వంతెన పైన 1997 నుంచి రైళ్ళే నడవడం లేదు, వీధి చివరి కాఫీ హోటలు మాత్రం ఉంటుందన్న నమ్మకం ఏమిటి? వరద రోజుల్లో వెళితే పులస తినకుండా రానంటారు. షుగరున్నా, రక్తపుపోటున్నా పులుసులో ఒక ముక్క తినవచ్చు, ఉప్పు చూసుకుంటే చాలు. ఆ చేపకు ముళ్ళు జాస్తి, చూపు తగ్గినవారికి మీరే ఒలిచి పెట్టండి. కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వండి. అక్కడ ఉండే రోజులకు మరో నాలుగు రోజులవి కలిపి మందులు తీసుకోండి. వాటిని సూట్‌కేసులో పెట్టకుండా, మందుల చీటీతో సహా, చేతిసంచిలో ఉంచుకోండి.