కళ్లు పట్టివ్వని అబద్ధాలు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. తప్పు చేసినవాణ్ని వాడి ఒళ్లే పట్టిస్తుందని మనకు గట్టి నమ్మకం. పిల్లాడు నీళ్లు నములుతుంటే అమ్మ “నా కళ్లలోకి చూసి చెప్పు” అంటుంది. ఇది మన ఒక్కరి నమ్మకమే కాదు. అబద్ధమాడేవాణ్ని ఎలా గుర్తుపడతారని 58 దేశాల్లో అడిగిన ఒక సర్వే 2006లో అచ్చయింది. అందులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు, చూపు తప్పిస్తాడని. పరిశోధనల్లో మాత్రం చూపు తప్పించడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధమేదీ తేలలేదు. భయస్తులు, సిగ్గరులు, పెద్దల ముందు తల దించుకోవడమే మర్యాదని నేర్చుకున్న పిల్లలు నిజం చెబుతూనే కళ్లు దించుకుంటారు. ఆరితేరినవాడు రెప్ప వేయకుండా బొంకుతాడు. ఈ నమ్మకం వల్ల మాటపడేది ఎక్కువగా అమాయకులే. నాకు బాధనిపించేది అదే.

అబద్ధాన్ని పసిగట్టడంలో మనం ఎంత గట్టివాళ్లం? చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే అమెరికన్ పరిశోధకులు రెండొందలకు పైగా అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. సగటున నూటికి 54 సార్లు సరిగ్గా చెప్పగలిగారట. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. నిజాన్ని నిజమని గుర్తించింది 61 శాతం, అబద్ధాన్ని అబద్ధమని గుర్తించింది 47 శాతమే. మనిషి మొగ్గు నమ్మడం వైపే ఉంటుంది. దీన్ని లోపమని నేననను. ఎదుటివాడి ప్రతి మాటనూ అనుమానించేవాడికి ఇల్లూ గడవదు, ఊరూ గడవదు.

కుడివైపు పైకి చూస్తే కల్పిస్తున్నట్టు, ఎడమవైపు చూస్తే గుర్తు తెచ్చుకుంటున్నట్టు అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతుంటారు. 2012లో దీన్ని పరీక్షించి చూశారు. ఆధారమేమీ దొరకలేదు.

ఈ కోవలో నాకు బాగా నచ్చింది 1990ల్లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం. పేరున్న టీవీ వ్యాఖ్యాత రాబిన్ డేని మీకిష్టమైన సినిమా ఏదని రెండుసార్లు అడిగారు. ఆయన ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం చెప్పాడు. ఆ రెండు జవాబులూ టీవీలో, రేడియోలో, పత్రికలో వచ్చాయి. ఏది అబద్ధమో చెప్పమంటే వేలాదిమంది స్పందించారు. టీవీలో ఆయన ముఖం చూసినవాళ్లలో సరిగ్గా చెప్పింది సుమారు 52 శాతం. అచ్చులో చదివినవాళ్లలో 64 శాతం. గొంతు మాత్రమే విన్న రేడియో శ్రోతల్లో 73 శాతం! ముఖం కనబడకపోయేసరికి జనం మాట మీద మనసు పెట్టారు.

మనిషి వల్ల కాకపోతే యంత్రం పట్టిస్తుందా? లై డిటెక్టర్ కనిపెట్టేది అబద్ధాన్ని కాదు. గుండె వేగం, రక్తపోటు, ఊపిరి, చెమటల్లో తేడాలను. నిర్దోషి భయపడినా అవి మారతాయి. ఈ యంత్రానికి తొలిరూపాల్లో ఒకదాన్ని 1921లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ తయారుచేశాడు. అంతకుముందే రక్తపోటుకూ అబద్ధానికీ ముడిపెట్టిన విలియం మార్‌స్టన్, తర్వాతి కాలంలో ‘వండర్ ఉమన్’ అనే కామిక్స్ కథానాయికను సృష్టించాడు. ఆమె బంగారు తాడు చుట్టిందంటే ఎవరైనా నిజం కక్కాల్సిందే. అసలు యంత్రానికి అంత శక్తి లేదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉంటూ రష్యన్లకు రహస్యాలు అమ్మిన ఆల్‌డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ ఈ పరీక్ష గట్టెక్కి, 1994లో గానీ అరెస్టు కాలేదు. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయరాదని తీర్పిచ్చింది.

మరి పనికొచ్చేదేమిటి? ఊహించని ప్రశ్న. బ్రిటన్‌లో ఆల్డర్ట్ వ్రై బృందం కొన్ని జంటలను నిజంగానే హోటల్లో భోజనం చేయించింది. మరికొన్ని జంటలు చేసినట్టు బొంకాలి. ఏం తిన్నారంటే బొంకేవాళ్లు ఇద్దరూ ఒకటే చెప్పారు, ముందే అనుకున్నారు కాబట్టి. విడివిడిగా కూర్చోబెట్టి, హోటల్లో ఏది ఎటుందో, ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీయమంటే ఇద్దరి బొమ్మలూ పొంతన లేకుండా వచ్చాయి. జరిగింది చివరి నుంచి మొదటికి చెప్పమన్నా కట్టుకథ తడబడుతుంది.

స్వీడన్‌లో శిక్షణ పొందుతున్న పోలీసులకు ఇంకో కిటుకు నేర్పారు. దొరికిన ఆధారాన్ని ముందే బయటపెట్టొద్దు. “పెట్టె మీద నీ వేలిముద్రలు ఉన్నాయి” అంటే అనుమానితుడు దానికి తగ్గ కథ అల్లేస్తాడు. “అక్కడ పెట్టె ఏమైనా చూశావా?” అని అడిగి, “లేదు” అన్నాక చూపించాలి. ఇది నేర్చుకున్నవాళ్లు 85 శాతం సార్లు సరిగ్గా తేల్చారు. నేర్చుకోనివాళ్లు 56 శాతమే.

ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చే పెద్ద అబద్ధం ‘డిజిటల్ అరెస్ట్’. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనక స్టేషన్ సెట్టింగు, “మీ పేరుతో వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి” అనే గద్దింపు. ఇక్కడ ముఖం చదివి లాభం లేదు, అది నటిస్తున్న ముఖమే. మాటను చూడండి: ఎవరికీ చెప్పొద్దు, కాల్ కట్ చేయొద్దు, డబ్బు ఈ ఖాతాలో వేయండి. మన చట్టంలో డిజిటల్ అరెస్టే లేదు. డబ్బు పోయినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, మోసగాళ్లు దాన్ని ఖాతాలు మార్చేలోపు బ్యాంకులో ఆపించే వీలుంటుంది.